అసమగ్రాన్వేషణము: ఎడిటరుతో దాని అనుసంధానము, గ్రంథపరిశోధనలో దాని అవధి

1. విషయ పరిచయము

గ్రంథపరిశోధకునకు కావలసిన విషయము పెక్కుసారులు సగము జ్ఞప్తియందుండును, సగము ఉండదు. పర్వము పేరు తోచును, ఆశ్వాససంఖ్య తోచదు. పదమునందలి రెండు మూడు హల్లులు తోచును, వానిపై నున్న స్వరము తోచదు. అచ్చుపుస్తకములతో పనిచేయునప్పుడు ఈ లోపమును విషయసూచికయు, పద్యానుక్రమణికయు, వీనికంటె మిన్నగా పుటలు త్రిప్పిన చేతి అలవాటును తీర్చుచుండును. గ్రంథపాఠములు కంప్యూటరునందు ఫైళ్లుగా చేరిన పిదప చేతి అలవాటు పనికిరాదయ్యెను. ఫైలు పేరును, అది యున్న ఫోల్డరు పేరును పొల్లుపోకుండ చెప్పిననే గాని యంత్రము దానిని తెరవదు.

ఈ చిక్కు మొదట తీవ్రముగా తోచినది ప్రోగ్రాములు వ్రాయువారికి. వారి పనిలో వేలకొలది ఫైళ్లుండును. ఒక దానినుండి మరియొకదానికి దినమునకు వందలసారులు పోవలసివచ్చును. పూర్తి పేరు వ్రాయనక్కరలేకయే, జ్ఞప్తియందున్న కొన్ని అక్షరములను వరుసగా వ్రాసినంతనే తగిన పేర్లను ఏరి చూపు ఉపకరణమును వారు కల్పించుకొనిరి. దానికి ఫజీ ఫైండరు అని పేరు. 'ఫజీ' అనగా అంచులు స్పష్టముగా లేనిది, మసకయైనది. 1965లో లోట్ఫీ జాదే ప్రతిపాదించిన ఫజీ సమితుల సిద్ధాంతమునకును దీనికిని పేరునందే గాని పద్ధతియందు సంబంధము లేదు. ఇచట మసకయైనది యంత్రము చేయు గణన కాదు, వెదకువాని జ్ఞప్తి. కావున ఈ పద్ధతిని మేము ఈ వ్యాసమునందు 'అసమగ్రాన్వేషణము' అని వ్యవహరించుచున్నాము.

ఈ ఉపకరణము ఎట్లు పనిచేయునో, టెక్స్ట్ ఎడిటరుతో దానిని ఎట్లు కూర్తురో, తెలుగు లిపియందు దాని నడక ఎట్లు మారునో క్రమముగా వివరించుట మా ఉద్దేశము. దీనితో కూడ తేల్చవలసిన ప్రశ్న యొకటి కలదు. ఈ ఉపకరణము చూపిన ఫలితమును పరిశోధనయందు ప్రమాణముగా గ్రహింపవచ్చునా? నేడు పరిశోధక విద్యార్థులు పలువురు గ్రంథపాఠములను ఫైళ్లలోనే చదువుచున్నారు గనుక ఈ ప్రశ్నను ఉపేక్షింపరాదు.

2. వెదకుటలో మూడు తెఱగులు

వెదకు పద్ధతులను స్థూలముగా మూడు తెఱగులుగా విభజింపవచ్చును.

మొదటిది యథాతథాన్వేషణము. వ్రాసిన అక్షరముల వరుస ఎడము లేకుండ ఉన్నచోటనే ఇది చూపును. ఒక స్థానమున ఈ అక్షరమైనను ఆ అక్షరమైనను ఉండవచ్చునని, లేదా ఈ గుర్తు ఉండినను లేకున్నను సరియేనని ముందుగా నియమము చెప్పి వెదకుటయు ఇందులోనే చేరును. నియమము వెదకువానిది, యంత్రము తనంత తాను ఊహించునది లేదు.

రెండవది దూరగణనము. ఒక పదమును మరియొక పదముగా మార్చుటకు ఎన్ని అక్షరములను చేర్చవలెను, ఎన్నిటిని తీసివేయవలెను, ఎన్నిటిని మార్చవలెను అని లెక్కించి, ఆ సంఖ్యను రెండింటి నడుమ దూరముగా గ్రహింతురు. 1965లో రష్యా శాస్త్రజ్ఞుడు వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్ ఈ కొలతను నిర్వచించెను. 'తెలుగు', 'తెనుగు' అను రూపముల నడుమ దూరము ఒకటి. లకారము నకారమైనది, అంతియే. అక్షరదోషములను దిద్దు ఉపకరణములకు ఇటువంటి కొలత ఆధారము.

మూడవది మన ప్రస్తుత విషయము. దీనిని ఉపానుక్రమ పద్ధతి యనవచ్చును. వెదకు మాటలోని అక్షరములన్నియు, వ్రాసిన వరుసలోనే, జాబితాలోని పంక్తియందు ఉండవలెను. వాని నడుమ ఇతరాక్షరములు ఎన్ని యున్నను బాధ లేదు. 'తెగు' అని వ్రాసినచో 'తెలుగు' వచ్చును, 'తెనుగు' వచ్చును, 'తెగువ'యు వచ్చును. కాని 'తెలుగు' అని పూర్తిగా వ్రాసినచో 'తెనుగు' రాదు; ఏలయన అందు లకారము లేదు.

ఈ భేదమును గట్టిగా గుర్తుంచుకొనవలెను. ఫజీ అను పేరు విని, ఇది వ్రాతతప్పులను మన్నించునని తలచుట సహజము. అది సరికాదు. ఉపానుక్రమ పద్ధతి విడిచిన అక్షరమును మన్నించును. మార్చిన అక్షరమును మన్నింపదు. తెలుగు గ్రంథపాఠముల విషయమున ఈ ఒక్క భేదమునుండి ఎన్ని ఫలితములు పుట్టునో ముందు చూడగలము.

3. వరుస నిర్ణయించు గణన

పంక్తి సరిపోయినదా లేదా అని చెప్పుట సులభము. సరిపోయిన నూఱు పంక్తులలో దేనిని ముందు చూపవలెనన్నది అసలు ప్రశ్న. జునెగన్ చోయ్ 2013లో వెలువరించిన ఎఫ్‌జెడ్‌ఎఫ్ అను ప్రోగ్రామును ఉదాహరణముగా గైకొందము. మొదట రూబీ భాషలో వ్రాయబడి, 2015లో గో భాషలోనికి తిరుగ వ్రాయబడిన ఈ ప్రోగ్రాము నేడు బహుళ ప్రచారమునందున్నది.

దీని గణన స్మిత్, వాటర్‌మన్ అను శాస్త్రజ్ఞులు 1981లో జీవాణువుల వరుసలను పోల్చుటకు ప్రకటించిన పద్ధతిని మార్చి చేసికొన్నది. సరిపోయిన ప్రతి అక్షరమునకు 16 మార్కులు. నడుమ ఎడము వచ్చినచో దాని మొదటి అక్షరమునకు 3 మార్కులు, ఆపైని ప్రతి అక్షరమునకు 1 చొప్పున తగ్గును. సరిపోయిన అక్షరము పదము మొదటనున్నచో అదనముగా 8 గాని, మొదటికి ముందు ఖాళీయో ఫోల్డరు గీతయో ఉన్నచో మరి కొంచెము ఎక్కువ గాని చేరును. వెదకు మాటలోని తొలి అక్షరమునకు ఈ అదనపు మార్కులు రెట్టింపగును. మూలపద్ధతియందు అక్షరముల మార్పునకును చోటు కలదు. ఎఫ్‌జెడ్‌ఎఫ్ దానిని విడిచినది. వెదకు మాటలోని ప్రతి అక్షరమును దొరకితీరవలెను.

పైని ఉదాహరణమునే లెక్కింతము. 'తెగు' అనునది యంత్రమునకు త, ఎత్వము, గ, ఉత్వము అను నాలుగు గుర్తులు. 'తెగువ'యందు నాలుగును ఎడము లేకుండ ఉన్నవి. అదనములను విడిచి చూచినచో 64 మార్కులు. 'తెలుగు'నందు నడుమ లకారము, దాని ఉత్వము అను రెండు గుర్తుల ఎడము కలదు; 3యు 1యు పోగా 60 మార్కులు. 'తెనుగు'నకును అంతియే. కావున 'తెగువ' ముందును, తక్కిన రెండును దాని వెనుకను వచ్చును. మార్కులు సమానమైనచో పొట్టి పంక్తి ముందు; అదియు సమానమైనచో జాబితాలో ముందున్నది ముందు.

ఈ మార్కులు అర్థమును ఎఱుగవు. తెలుగు భాషను గూర్చి వెదకువానికి తెగువతో పని లేదని యంత్రమునకు తెలియదు. అందుచేతనే ఈ ఉపకరణము ఫలితమును తానై నిర్ణయింపక జాబితాగా చూపి, ఎన్నికను మనుష్యునకు విడుచును. ప్రతి అక్షరము వ్రాసినకొలదియు జాబితా తగ్గుచు వచ్చును. కావలసినది కంటబడగనే వెదకువాడు ఆగును.

4. ఎడిటరుతో కూర్పు

1973లో యూనిక్సు నిర్వాహక వ్యవస్థయందు ఒక ప్రోగ్రాము వెలువరించిన పంక్తులను మరియొక ప్రోగ్రామునకు నేరుగా అందించు గొట్టము వంటి ఏర్పాటు వచ్చెను. దీనినే పైపు అందురు. ఎఫ్‌జెడ్‌ఎఫ్ ఆ సంప్రదాయమునకు చెందినది. ఒకవైపునుండి పంక్తులు లోనికి వచ్చును. మనుష్యుడు ఎన్నుకొన్న పంక్తి మరియొకవైపున వెలికి పోవును. ఆ పంక్తులు ఫైళ్ల పేర్లా, పద్యపాదములా, నిఘంటువు ఆరోపములా అని అది అడుగదు. ఇది మొదట చూపునకు లోపముగా తోచినను దాని బలమంతయు ఇందే యున్నది.

బిల్ జాయ్ 1976లో రచించిన వీఐ అను ఎడిటరు మార్గమున, బ్రాం మోలెనార్ 1991లో వెలువరించిన విమ్ అను ఎడిటరును గైకొందము. దీనితో ఎఫ్‌జెడ్‌ఎఫ్‌ను కూర్చుట యనగా మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుట. జాబితా ఎక్కడినుండి రావలెను? అది ఎచట కనబడవలెను? ఎన్నుకొన్న పంక్తితో ఎడిటరు ఏమి చేయవలెను? మొదటిదానిని మూలమనియు, రెండవదానిని గవాక్షమనియు, మూడవదానిని గమ్యమనియు పిలుతము. ఫోల్డరునందలి ఫైళ్ల పేర్లను మూలముగా నిచ్చి, 'తెరువుము' అను ఆజ్ఞను గమ్యముగా నిచ్చినచో ఫైళ్లను తెరచు కూర్పు సిద్ధమగును. మూలమును మార్చి, ఇదివరకే తెరచియున్న ఫైళ్ల జాబితానిచ్చినచో వానిలో ఒకదానినుండి మరియొకదానికి పోవు కూర్పగును. నడుమనున్న అన్వేషకము మారదు.

గవాక్షము విషయమున కాలక్రమమున సౌకర్యము పెరిగినది. తొలుత అన్వేషకము ఎడిటరును పూర్తిగా కప్పివేసి టెర్మినలునంతను ఆక్రమించుచుండెడిది. 2018లో వచ్చిన విమ్ 8.1 ఎడిటరు లోపలనే టెర్మినలును నడుపు వీలు కల్పించెను. 2019లో నియోవిమ్ 0.4నందును, విమ్ 8.2నందును పాఠముపై తేలియాడు చిన్న గవాక్షములు వచ్చెను. చదువుచున్న పుట వెనుక కనబడుచుండగనే ముందు జాబితాను పరికించుట ఇందుచేత సాధ్యమైనది.

విరమణను గూర్చియు ఒక మాట. వెదకువాడు ఏదియు ఎన్నుకొనక మధ్యలో మానుకొనవచ్చును. ఎఫ్‌జెడ్‌ఎఫ్ ముగియునప్పుడు ఒక సంఖ్యను తెలుపును: ఎన్నిక జరిగినచో 0, సరిపోవునది లేనిచో 1, దోషము సంభవించినచో 2, వెదకువాడు విడిచిపెట్టినచో 130. ఎడిటరు ఈ సంఖ్యను గమనించి, ఎన్నిక లేనప్పుడు ఉన్నచోటనే ఉండవలెను. విడిచిన వెదకుట చదువుచున్న స్థానమును చెదరగొట్టరాదు. కూర్పు మంచిదా కాదా యనుటకు ఇది మొదటి పరీక్ష.

ఇట్లు వెలుపలి ప్రోగ్రామును పిలుచుట గాక, అన్వేషకమును ఎడిటరు లోపలనే నిర్మించు మార్గమును కలదు. 2020లో వచ్చిన ఈమాక్స్ 27నందు ఫ్లెక్స్ అను పేర ఇటువంటి పద్ధతి చేర్చబడినది. నియోవిమ్‌నకు టెలిస్కోప్ అను అనుబంధము లూవా భాషలో వ్రాయబడినది. లోపలి అన్వేషకము ఎడిటరు ఎఱిగినదంతయు ఎఱుగును. వెలుపలిది పంక్తులను మాత్రమే ఎఱుగును. కాని టెర్మినలునందును, ఏ ఎడిటరునందును ఒకే తీరున పనిచేయును.

5. గ్రంథపాఠములపై ప్రయోగము

ఆంధ్ర మహాభారతమునందు 18 పర్వములు, 63 ఆశ్వాసములు కలవు. పర్వమునకొక ఫోల్డరును, ఆశ్వాసమునకొక ఫైలును చొప్పున పాఠమును అమర్చుకొన్నామనుకొందము. విరాటపర్వ ద్వితీయాశ్వాసము కావలెను. 'విరా' అని వ్రాసి, ఖాళీ విడిచి, 'ద్వి' అని వ్రాసినచో చాలును. 63 పేర్లలో రెండును సరిపోవునది అదొక్కటియే. ఖాళీతో వేఱుపఱచిన భాగములను ఎఫ్‌జెడ్‌ఎఫ్ వేర్వేఱుగా వెదకును గనుక వాని క్రమము తాఱుమాఱైనను ఫలితము మారదు. భాగమునకు ముందు ఆశ్చర్యార్థక చిహ్నమునుంచినచో అది లేని పేర్లు మాత్రమే వచ్చును. ఒంటి ఉద్ధరణ చిహ్నమునుంచినచో ఆ భాగము మట్టుకు యథాతథముగా వెదకబడును.

పేర్లు పొట్టివి, పరిమితములు. వానియందు అసమగ్రాన్వేషణము అద్భుతముగా పనిచేయును. గ్రంథపాఠమునందలి పంక్తులు అట్టివి కావు. పంక్తి పొడవైనకొలది ఏ రెండు మూడు అక్షరములైనను అందు ఎచటనో ఒకచోట వరుసగా దొరకుట తేలికయగును. చిన్నమాటను వ్రాసి కావ్యమంతటిలో ఇట్లు వెదకినచో కావ్యమంతయు వచ్చి ముందు నిలుచును.

అందుచేత పాఠమునందు వెదకునప్పుడు రెండంచెల కూర్పు మేలు. మొదట రిప్‌గ్రెప్ వంటి యథాతథాన్వేషకము ఫైళ్లన్నిటిని చదివి, నియమమునకు సరిపోయిన పంక్తులను ఫైలు పేరు, పంక్తిసంఖ్య, స్థానము, పాఠము అను నాలుగు భాగములుగా వెలువరించును. పిదప ఎఫ్‌జెడ్‌ఎఫ్ ఆ పంక్తులలో కావలసినదానిని ఏరుటకు తోడ్పడును. ఎన్నుకొన్నంతనే ఎడిటరు ఆ ఫైలును తెరచి ఆ పంక్తిపై నిలుచును. టాబ్ మీటతో పెక్కు పంక్తులను గుర్తించినచో, విమ్ వానిని ఒక జాబితాగా దాచి, ఒకదాని వెంట ఒకటిగా చూచుకొను వీలు కల్పించును. ఒక పదము యొక్క ప్రయోగములను పూర్వాపరములతో పరిశీలించువానికి ఇది మిక్కిలి ఉపకారకము.

ఈ కూర్పునందు రెండు మెలకువలు కావలెను. మొదటిది: నాలుగు భాగములును ఒకే పంక్తియందుండుటచేత ఫైలు పేరులోని అక్షరములును ఏరివేతలో లెక్కకు వచ్చును. 'విరాట' అని ఏరబోయినచో ఆ మాట పాఠమునందు లేకున్నను విరాటపర్వమునందలి పంక్తులన్నియు నిలుచును. నాలుగవ భాగము మొదలుకొనియే పోల్చుమని అన్వేషకమునకు ముందుగా తెలుపవలెను. రెండవది: రిప్‌గ్రెప్ డిస్కుపై నున్న పాఠమును చదువును. ఎడిటరునందు దిద్ది ఇంకను భద్రపఱుపని సవరణలు దానికి కనబడవు.

6. తెలుగు లిపియందలి విశేషములు

పై వివరణయందు 'అక్షరము' అను మాటను వాడితిమి గాని, యంత్రమునకు అక్షరమనగా మనకు అక్షరము కాదు. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రతినుండియు తెలుగునకు స్థానము కలదు. తెలుగు విభాగమునకు కేటాయింపబడిన స్థానములు 128. అందు హల్లులు, అచ్చులు, స్వరచిహ్నములు, పొల్లు వేర్వేఱు సంకేతములు. 'ఆంధ్రము' మనకు మూడక్షరములు. యంత్రమునకు ఆ, సున్న, ధ, పొల్లు, ర, మ, ఉత్వము అను ఏడు సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపఱచినప్పుడు ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు చొప్పున 21 బైట్లు. రిప్‌గ్రెప్ స్థానమును బైట్లలోనే లెక్కించును. కావున పంక్తి మొదట 'ఆంధ్రము' అను మాటయు, పిదప ఖాళీయు ఉన్నచో రెండవ మాట స్థానము 23. కంటికి ఈ సంఖ్య వింతగా తోచును గాని, విమ్‌ కూడ బైట్లనే లెక్కించుటచేత సూచిక సరియైనచోటికే చేరును. రెండు ఉపకరణములను కూర్చునప్పుడు అవి ఒకే కొలతను వాడుచున్నవో లేదో చూచుకొనుట అవసరమనుటకు ఇది నిదర్శనము.

ఈ సంకేతవిభాగము వలన కలుగు మేలు ముందు చెప్పుదము. ప్రాచీనపాఠములందు 'వాఁడు' అని అరసున్నతో నుండును. నేటి అలవాటున 'వాడు' అని వ్రాసి యథాతథముగా వెదకినచో అది దొరకదు. అసమగ్రాన్వేషణమునందు అరసున్న నడుమనున్న ఎడమే గనుక దొరకును. శాసనములందు రేఫ తరువాతి హల్లును ద్విత్వముగా వ్రాయుట తఱచు. 'ధర్మము' అని వెదకినచో 'ధర్మ్మము' దొరకును. అచ్చునందు కంటికి కనబడని విడదీత సంకేతములు పదము నడుమ చేరియున్నను బాధ లేదు.

కీడును అంతియే. 'ఎరుక' అని వెదకినచో 'ఎఱుక' దొరకదు; శకటరేఫకు సంకేతము వేఱు. 'సంధి' అని వెదకినచో 'సన్ధి' దొరకదు. ఐత్వమును ఒకే సంకేతముగా వ్రాయవచ్చును, ఎత్వమును దాని క్రింది గుర్తును కలిపి రెండుగాను వ్రాయవచ్చును. యూనికోడు దృష్టిలో రెండును సమానములే. కాని ఉన్న సంకేతములను ఉన్నట్లే పోల్చు ఉపకరణమునకు వేఱు. ఎఫ్‌జెడ్‌ఎఫ్ లాటిను అక్షరముల విషయమున గుర్తులు గల రూపములను గుర్తులు లేని రూపములతో సమానముగా గ్రహించు ఏర్పాటు కలిగియున్నది. తెలుగునకు అట్టి ఏర్పాటు లేదు.

అక్కఱలేనివి దొరకుటయు కలదు. 'రమ' అని వ్రాసినచో ర, మ అను రెండు సంకేతములే. 'రామ', 'రోమ' వచ్చును. రేఫ తరువాత పొల్లు, మకారము ఉండుటచేత 'కర్మ'యు వచ్చును. 'కల' అని వ్రాసినచో 'కాలము', 'కోకిల', 'శుక్ల' మూడును వచ్చును. తెలుగు చదువరి మనస్సున 'శుక్ల'యందు 'కల' లేదు. యంత్రము లెక్కలో ఉన్నది.

మరియొక సూక్ష్మము వరుస నిర్ణయమునకు సంబంధించినది. యూనికోడు వర్గీకరణమునందు స్వరచిహ్నములును పొల్లును 'అక్షరము' అను వర్గమునకు చెందక 'చిహ్నము' అను వర్గమునకు చెందును. ఎఫ్‌జెడ్‌ఎఫ్ గణనయందు అక్షరము, అంకె, ఖాళీ మున్నగువానిలో చేరనిది పదమునకు వెలుపలిదిగా ఎంచబడును. ఫలితమేమనగా, స్వరచిహ్నము తరువాత వచ్చు ప్రతి హల్లును క్రొత్త పదము మొదటనున్నట్లుగా లెక్కింపబడి అదనపు మార్కులను పొందును. ఆంగ్లమునందు పదాదిని గుర్తించుటకు ఏర్పఱచిన నియమము తెలుగునందు పదమధ్యమునకును వర్తించి తన ప్రయోజనమును చాలవఱకు కోల్పోవుచున్నది. తెలుగు జాబితాలలో అనుకొన్న పేరు అనుకొన్నంత పైకి రాకపోవుటకు ఇది యొక కారణము. పేరునందు భాగములను ఫోల్డరు గీతలతో విడదీయుటయు, వెదకునప్పుడు ఒక పొడవు మాటకు బదులు రెండు పొట్టి మాటలను వాడుటయు దీనికి ఉపశమనములు.

చూపునకు సంబంధించిన లోపమును కలదు. టెర్మినలులో ప్రతి గుర్తునకు సమానమైన గడిని కేటాయింతురు. వత్తులును గుడులును హల్లుతో కలిసి ఒకే అక్షరముగా నిలుచు మన లిపికి ఆ గడుల పద్ధతి ఇముడదు. పెక్కు టెర్మినళ్లయందు సంయుక్తాక్షరములు చెదరి కనబడును. పాఠము చెడలేదు, చూపు చెడినది. ఇట్టిచోట చిత్రరూపమున అక్షరములను కూర్చు ఎడిటరును వాడుట మేలు.

7. ప్రమాణ విచారము

ఇంతవఱకు చెప్పినదానినుండి మొదట వేసికొన్న ప్రశ్నకు సమాధానము తేలును.

ఒక పదము ఫలానా కావ్యమునందు ఇన్నిసారులు ప్రయుక్తమైనదనియు, ఫలానా కవి దానిని వాడలేదనియు పరిశోధకుడు చెప్పునప్పుడు, ఆ మాటను మరియొకరు పరీక్షించి అదే సంఖ్యను పొందగలుగవలెను. అసమగ్రాన్వేషణపు జాబితా అట్టిది కాదు. అందు 'రమ'కు 'కర్మ'యు లెక్కకు వచ్చును. 'ఎరుక'కు 'ఎఱుక' రాదు. దాని సంఖ్య ఎక్కువగాను ఉండవచ్చును, తక్కువగాను ఉండవచ్చును. ఎంతయో చెప్పుటకు వీలు లేదు. కావున అది లెక్కకు ఆధారము కాజాలదు.

లెక్కకు యథాతథాన్వేషణము కావలెను. అదియు నియమపూర్వకముగా కావలెను. రేఫ స్థానమున రకారమైనను శకటరేఫమైనను ఉండవచ్చునని, డకారమునకు ముందు అరసున్న ఉండినను లేకున్నను సరియేనని నియమము వ్రాసినచో, ఆ నియమమును వ్యాసమునందు ముద్రింపవచ్చును. చదువరి దానిని పరీక్షింపవచ్చును, ఆక్షేపింపవచ్చును.

అభావమును గూర్చి మాత్రము ఇదియు తుదిమాట కాదు. రిప్‌గ్రెప్ తనంత తాను దాపఱికపు ఫైళ్లను, విడువుమని జాబితాయందు చెప్పిన ఫైళ్లను చదువదు. రెండు ఉపకరణములును సామాన్యముగా పంక్తి వెంట పంక్తిగా చూచును. మన పద్యములందు పదము పాదాంతమున విఱిగి తరువాతి పాదమునకు పాఱుట సహజము, అట్టి పదము వానికి దొరకదు. సంధియందు 'రాముడు' 'అతడు' కలిసి 'రాముడతడు' అయినప్పుడు ఉకారము లోపించును; 'వాడు పోయె' అనునది 'వాడు వోయె' అయినప్పుడు పకారము వకారమగును. 'అతడు', 'పోయె' అను మూలరూపములతో వెదకినచో యథాతథాన్వేషణమునకును అవి దొరకవు, అసమగ్రాన్వేషణమునకును దొరకవు. వ్యాకరణమెఱిగి, సంభవించు రూపములన్నిటిని ముందుగా ఊహించి వెదకినవానికే 'లేదు' అను మాట చెప్పు అధికారము కొంత కలుగును.

ఇందుచేత అసమగ్రాన్వేషణము నిష్ప్రయోజకమని మా భావము కాదు. అది స్థలమునకు చేర్చు సాధనము. స్థలమును సాక్ష్యముగా నిలుపు సాధనము కాదు. ఎడిటరుతో దానిని చక్కగా కూర్చుటలోని సారము కూడ ఇదియే. అన్వేషకము ఒక పంక్తిని చేతికిచ్చి తొలగిపోవును. ఎడిటరు ఆ పుటను తెరచి, ముందు వెనుకల పాఠముతో సహా కన్నుల ముందుంచును. అది మూలమో ప్రక్షిప్తమో, కర్తయో కర్మయో, కావలసిన పదమో కానిదో నిర్ణయించుట చదువరి పని.

ఈ ఉపకరణములను తెలుగునకు మరింత అనుగుణముగా చేయుటకు మార్గమును కలదు. పోల్చుటకు సంకేతమును గాక అక్షరమును ప్రమాణముగా గైకొనుట, రేఫ శకటరేఫములను, అరసున్నగల రూపమును లేని రూపమును కోరినప్పుడు సమానముగా గ్రహించుట, స్వరచిహ్నములను పదములోని భాగములుగా గుర్తించుట అను మూడు మార్పులు జరిగినచో పైని చెప్పిన లోపములు పెక్కు తొలగును. ఎఫ్‌జెడ్‌ఎఫ్, విమ్, రిప్‌గ్రెప్ మూడింటి మూలములును అందఱికి అందుబాటునందున్నవి. ఏ రూపములను సమానముగా ఎంచవలెను, ఏవానిని ఎంచరాదు అను నిర్ణయము మాత్రము ప్రోగ్రాములు వ్రాయువారు చేయగలది కాదు. అది లిపిని, ఛందస్సును, సంధిని ఎఱిగినవారి పని; అనగా తెలుగు శాఖల పని. అట్టి సమానరూపముల పట్టికను శాస్త్రీయముగా సిద్ధపఱచుటకు పరిశోధక విద్యార్థులు పూనుకొందురని ఆశించుచున్నాము.